స్టేజీ మూడంటే మూడు నెలలు కాదు



పోయిన సంచికలో బ్యాంకు డిపాజిట్లకు నామినేషను ఎందుకు రాయించాలో చెప్పాను. అది చదివి మన సంఘం సభ్యురాలు ఒకావిడ ఫోను చేశారు. "బ్యాంకు కాగితం ఎలా చదవాలో మూడు నెలలకోసారి చెబుతున్నారు, సంతోషం. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం చదవడం మాకెవరు నేర్పుతారండీ?" అని అడిగారు. వాళ్లింట్లో ఒకరికి క్యాన్సరు. కాగితం మీద స్టేజీ అని ఒక అంకె వేసి ఉందట. అది చూసిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదట.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ని. వైద్యం నా శాఖ కాదు. అయినా ఆ ఒక్క మాట గురించి మాత్రం రాయాలనిపించింది. ఎందుకంటే ఆ మాటను తప్పుగా చదివి, మా మేనమామకు నష్టం తెచ్చినవాణ్ని నేనే.

మా అమ్మ పుట్టిల్లు కుందారపల్లి. కృష్ణగిరి నుంచి హోసూరు వెళ్లే హైవే మీది ఊరు. అక్కడి శుక్రవారం మేకల సంత పండగల ముందు ఎంత రద్దీగా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం, ఇదీ మావాళ్ల సంగతి. మామ 1974లో, పంతొమ్మిదేళ్ల వయసులో, వానలు లేక ఊరు వదిలి పనికి పోయాడు. పెద్ద బాయిలర్లున్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద కూలి. ఆవిరి గొట్టాలకు వేడి బయటికి పోకుండా ఆస్బెస్టాస్ తాడూ గుడ్డా చుట్టడం, పాతబడినదాన్ని పీకేసి కొత్తది వేయడం అతని పని. "పీకేటప్పుడు దూది ఏకినట్టు తెల్లగా లేచేదిరా. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా కూర్చునేది" అని నా చిన్నప్పుడు నవ్వుతూ చెప్పేవాడు. పదకొండేళ్లు చేసి, 1985లో తిరిగొచ్చి, మూడెకరాల్లో మామిడి పెట్టాడు. మేకలు పెంచాడు. ఆ దుమ్ము సంగతి అతనూ మరిచిపోయాడు, మేమూ మరిచిపోయాం.

దుమ్ము మాత్రం మరిచిపోలేదు.

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. అరవంలో కల్‌నార్ అన్నా అదే అర్థం. రాయే, కానీ నారలా చీలుతుంది. మన కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి ప్రాంతంలో ఈ రాయి ఉంది, ఒకప్పుడు తవ్వారు కూడా. నిప్పుకు కాలదు, నీటికి చివకదు, చవక. అందుకే ఇంటి కప్పు రేకుల నుంచి లారీ బ్రేకు లైనింగుల దాకా అన్నిట్లో వాడారు. కంటికి ఆనని దాని పోగు ఒకటి ఊపిరితో లోపలికి పోతే, కాలని, చివకని ఆ గుణమే శత్రువవుతుంది. శరీరం దాన్ని కరిగించలేదు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు, ఒక్కోసారి యాభై ఏళ్లకు అక్కడ క్యాన్సరు పుట్టవచ్చు. ఊపిరితిత్తులను కప్పి ఉంచే పొరకు వచ్చే ఆ క్యాన్సరు పేరు మీసోథీలియోమా. కడుపు లోపలి పొరకూ వస్తుంది గాని తక్కువ. దక్షిణాఫ్రికాలో రాతినార గనుల ప్రాంతంవాళ్లకే ఈ అరుదైన జబ్బు ఎందుకు వస్తోందని వాగ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు వెతికి, 1960లో 33 మంది రోగుల వివరాలు ప్రకటించారు. వాళ్లలో గనిలో పనిచేయకుండా దాని దగ్గర్లో కాపురం ఉన్నవాళ్లూ ఉన్నారు.

2017 చివర్లో మామకు ఆయాసం మొదలైంది. ఎక్స్‌రే తీస్తే ఛాతీలో కుడిపక్క నీరు. మన ప్రాంతంలో ఛాతీలో నీరంటే ముందు గుర్తొచ్చేది టి.బి. ఒక డాక్టరుగారు టి.బి. మందులు మొదలుపెట్టారు. ఆయన్ని తప్పు పట్టలేను. "వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవాడివి?" అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. "మామిడి తోట" అన్నాం. నీరు తీస్తే మళ్లీ వచ్చింది. తీసిన నీటిని పరీక్షకు పంపితే ఏమీ దొరకలేదు. ఈ జబ్బులో నీటి పరీక్షకు దొరక్కపోవడం మామూలేనని తర్వాత తెలిసింది. పొర నుంచి ముక్క తీసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

2018 మార్చిలో బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, గొట్టం కెమెరాతో చూసి, ముక్క తీశారు. మీసోథీలియోమా అని తేలింది. సి.టి., పెట్ స్కాన్లు అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి "స్టేజీ మూడు, ఏ" అంది. తర్వాత పావుగంట సేపు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మా చెవుల్లో మాత్రం మూడు అన్న ఒక్క మాటే మిగిలింది.

ఆ పావుగంటలో ఆవిడ చెప్పిందేమిటో, తర్వాత నేను మళ్లీ వెళ్లి అడిగి రాసుకున్నది ఇక్కడ చెబుతాను.

వేరుశనక్కాయను తలుచుకోండి. గింజ మీద ఒక ఎర్రటి పలుచని పొర. డొల్ల లోపలివైపున ఇంకొక నునుపైన పొర. గింజ ఊపిరితిత్తి అనుకుంటే, డొల్ల పక్కటెముకల గోడ. ఈ రెండు పొరలనూ కలిపి ప్లూరా అంటారు. ఊపిరితిత్తి లోపల పుట్టే మామూలు క్యాన్సరు గడ్డలా ఉంటుంది కాబట్టి దాన్ని అడ్డంగా ఇన్ని సెంటీమీటర్లని కొలవవచ్చు. మీసోథీలియోమా అలా కాదు. వానాకాలంలో గోడకు పాచి పట్టినట్టు పొర వెంబడి పరుచుకుంటుంది. పాచికి అడ్డం ఎంత, పొడవు ఎంత అని అడిగితే ఏం చెబుతాం? అందుకని డాక్టర్లు ముఖ్యంగా ఏ గోడ దాటింది అని చూస్తారు.

దానికి మూడు అక్షరాలు వాడతారు. ఈ పద్ధతిని ఫ్రాన్సులో పియెర్ డెన్వా అనే సర్జన్ 1940లలో మొదలుపెట్టాడు. ఇప్పుడు దాదాపు అన్ని క్యాన్సర్లకూ అదే.

మొదటిది టి. అంటే పుట్టినచోట ఎంతవరకు పాకింది. 2018లో అమల్లోకి వచ్చిన ఎనిమిదో కూర్పు ప్రకారం, ఒకపక్క పొరలోనే ఉంటే టి1. ఆ పక్క పొరంతా పట్టి, కింద ఉన్న డయాఫ్రమ్ కండలోకో ఊపిరితిత్తిలోకో దిగితే టి2. రెండు ఊపిరితిత్తుల నడుమనున్న కొవ్వులోకో, ఛాతీ గోడలో ఒక్కచోటో, గుండె సంచి పైభాగానికో చేరితే టి3. అంటే ముదిరింది గాని, ఇంకా కోసి తీయడానికి వీలుండవచ్చు. ఛాతీ గోడంతా పాకినా, డయాఫ్రమ్‌ను చీల్చుకుని కడుపులోకి దిగినా, రెండోపక్క పొరకో వెన్నెముకకో పోయినా టి4. ఇక కోసి తీయడం కుదరదు.

రెండోది ఎన్. అంటే లింఫు గ్రంథులు. జబ్బు బయటికి పోయే దారిలో ఉన్న చెక్‌పోస్టులనుకోండి. ఏదీ పట్టకపోతే ఎన్0. ఛాతీలో అదేపక్క గ్రంథులకు చేరితే ఎన్1. అవతలిపక్కకో, మెడ దగ్గర కాలరు ఎముక పైకో చేరితే ఎన్2.

మూడోది ఎం. దూరపు అవయవాలకు పోయిందా లేదా. పోకపోతే ఎం0, పోతే ఎం1.

ఈ మూడింటినీ కలిపితే స్టేజీ వస్తుంది. టి1, గ్రంథులు శుభ్రంగా ఉంటే ఒకటి ఏ. టి2, టి3 అయినా గ్రంథులు శుభ్రంగా ఉంటే ఒకటి బీ. టి1, టి2లతో పాటు ఎన్1 ఉంటే రెండు. టి3తో ఎన్1 ఉంటే మూడు ఏ. టి4 అయినా, ఎన్2 అయినా మూడు బీ. ఎం1 ఉంటే మిగతావి ఎలా ఉన్నా నాలుగు. మా మామది టి3, ఎన్1, ఎం0. కనుక మూడు ఏ.

ఈ లెక్క రాతి మీద చెక్కింది కాదు. 1976లో ఇంగ్లండులో బుచార్ట్ అనే సర్జన్ తాను ఆపరేషను చేసిన 29 మంది రోగులను చూసి నాలుగు స్టేజీలు రాశాడు. 1995లో ఈ జబ్బు మీద పనిచేసే అంతర్జాతీయ బృందం దాన్ని టి, ఎన్, ఎం పద్ధతిలోకి మార్చింది. ఇటీవల వచ్చిన తొమ్మిదో కూర్పులో పొర మందాన్ని స్కానులో మిల్లీమీటర్లతో కొలవడం కూడా చేరింది. ఇక కడుపు పొరకు వచ్చేదానికి లెక్క వేరు. కడుపును 13 భాగాలుగా చేసి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు వేసి, మొత్తం 39కి ఎంత అని చూస్తారు. కాబట్టి రిపోర్టులో అంకెతో పాటు ఏ కూర్పు ప్రకారం వేశారో చూడండి. పాత కాగితం అంకెనూ కొత్త కాగితం అంకెనూ పక్కపక్కన పెట్టి బాధపడకండి.

సరే, ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నుంచే బావమరిది ఊరికి ఫోను చేశాడు. "నాయనకు స్టేజీ మూడంట" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి కూట్ రోడ్డు టీ కొట్టు చేరింది. శుక్రవారం సంతకు వచ్చేసరికి "మూడు నెలలంట" అయింది. శనివారం నుంచి బంధువులు కడసారి చూపుకు రావడం మొదలైంది. మామ వసారాలో మంచం మీద కూర్చుని అందరికీ మజ్జిగ ఇప్పించాడు. ఎందుకొచ్చారని ఎవర్నీ అడగలేదు.

వచ్చినవాళ్లలో ఒకాయన రోడ్డుపక్క ఎకరంన్నర తోట కొంటానన్నాడు. ధర మార్కెట్టు కన్నా మూడోవంతు తక్కువ చెప్పాడు. అవసరం మాది, అవకాశం ఆయనది. అత్త నా మొహం చూసింది. నేను బ్యాంకు ఆఫీసర్ని కదా. "మూడు నెలల్లో అన్నీ చక్కబెట్టుకోవాలి. చేతిలో డబ్బుంటే మంచిదే అత్తా" అన్నాను. స్టేజీ మూడంటే మూడు నెలలు కాదని అంతదాకా ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. రిజిస్ట్రేషను అయిపోయింది.

నాకెందుకు తోచలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నా ఉద్యోగం నన్ను అలా తయారుచేసింది. మా బ్యాంకుల్లోనూ అప్పులకు నాలుగు తరగతులున్నాయి. స్టాండర్డు, సబ్‌స్టాండర్డు, డౌట్‌ఫుల్, లాస్. కిస్తీ 90 రోజులు దాటిందంటే ఖాతా మొదటి తరగతి నుంచి జారిపోతుంది. అక్కడ తరగతి అంటే రోజుల లెక్కే. క్యాన్సరు తరగతి రోజుల లెక్క కాదు, చోటు లెక్క. ఎక్కడుంది అని చెబుతుంది గాని ఎప్పుడు అని చెప్పదు. ఈ తేడా తెలియక నేను మనిషికి గడువు వేశాను.

వాణిజ్యం చదివినవాళ్లకు ఇంకో పోలిక చెబితే తేలిగ్గా ఉంటుంది. స్టేజీ అనేది బ్యాలెన్సు షీటు లాంటిది. "మార్చి 31 నాటికి" అని ఒక తేదీ వేసి, ఆ రోజు ఆస్తి ఎంత, అప్పు ఎంత అని చూపిస్తాం. తర్వాత వ్యాపారం పెరిగినా తగ్గినా ఆ పాత షీటు మార్చం. అలాగే మొదట వేసిన స్టేజీని తర్వాత జబ్బు తగ్గినా పాకినా మార్చరు. కొత్త పరిస్థితిని వేరుగా రాసుకుంటారు. అంకె ముందు చిన్న అక్షరం కూడా ఉంటుంది, గమనించండి. సి అంటే స్కాన్లు, పరీక్షలు చూసి వేసిన అంచనా. పి అంటే ఆపరేషనులో తీసినదాన్ని ప్రయోగశాలలో చూసి వేసినది. ఒకటి ప్రొవిజినల్ లెక్క, రెండోది ఆడిట్ అయిన లెక్క. రెండూ తేడా రావడం ఈ జబ్బులో కద్దు. పొర పలచన కాబట్టి స్కానుకు అన్నీ కనబడవు.

స్టేజీలో కనిపించని సంగతులు ఇంకా ఉన్నాయి. ఒకటి, కణాల రకం. ఎపితీలియాయిడ్ అనే రకం కాస్త నెమ్మదిగా పోతుంది. సార్కోమాటాయిడ్ మొండిది. రెండూ కలిసినది బైఫేసిక్. తక్కువ స్టేజీలో ఉన్న మొండి రకం కన్నా ఎక్కువ స్టేజీలో ఉన్న నెమ్మది రకమే నయం కావచ్చు. రెండోది, మనిషి శక్తి. లేచి తిరుగుతున్నాడా, తింటున్నాడా, గుండె బాగుందా. మా మామది ఎపితీలియాయిడ్. రోజూ తోటకు నడిచిపోయే మనిషి. ఈ రెండు మంచి సంగతులూ ఆ కాగితంలోనే, రెండో పేజీలో ఉన్నాయి. మేము మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాం.

డాక్టరమ్మ ఆపరేషను వద్దంది. నీరు మళ్లీ చేరకుండా రెండు పొరలూ అతుక్కునేలా టాల్కు పొడి చల్లి, పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ మందులు ఎక్కించింది. ఆపరేషను లేదంటే వదిలేసినట్టే అని మావాళ్లు ఏడ్చారు. అది కూడా పొరపాటే. బ్రిటన్‌లో 335 మంది రోగుల మీద జరిగి 2024లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఆపరేషనూ మందులూ కలిపి ఇచ్చినవాళ్ల కన్నా మందులు మాత్రమే తీసుకున్నవాళ్లే ఎక్కువ కాలం ఉన్నారు. సగటు రోగి లెక్క మొదటివారికి 19 నెలల పైచిలుకు, రెండోవారికి దాదాపు 25 నెలలు.

ఈ నెలల లెక్కను కూడా సరిగ్గా చదవాలి. డాక్టర్లు చెప్పేది మీడియన్. వందమందిని ఆయుష్షు ప్రకారం వరసగా నిలబెడితే నడుమ ఉన్న మనిషి దగ్గరి అంకె అది. సగంమంది దానికి అవతల ఉంటారు. మన మనిషి ఏ పక్కన ఉంటాడో ఆ అంకె చెప్పదు. పైగా అది పాత రోగుల లెక్క. 2020 తర్వాత నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది. 605 మంది మీద చూస్తే మీడియన్ 14 నెలల నుంచి 18కి పెరిగింది. ముఖ్యంగా మొండి రకానికి మేలు ఎక్కువ కనబడింది. ఇది మాయమయ్యే జబ్బు అని నేను చెప్పడం లేదు. చాలా గడ్డు జబ్బే. కానీ గడ్డు జబ్బు వేరు, గడువు వేరు.

మామ ఆ ఏడు మామిడి కాపు చూశాడు. మరుసటి ఏడు కాపూ చూశాడు. మొదటి విడత మందుల తర్వాత ఆయాసం తగ్గి, మిగిలిన తోటకు తనే నీళ్లు కట్టాడు. 2019 జూన్‌లో నేను వెళ్లినప్పుడు వసారాలో కూర్చుని రోడ్డువైపు చూస్తున్నాడు. అమ్మేసిన ఎకరంన్నరలో, అతను నాటిన చెట్ల కిందే, గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీ నిలబెట్టి బెంగళూరా కాయలు నింపుతున్నారు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమల్లుడా, మీ బ్యాంకులో మూడు నెలలంటే ఇంత పొడుగుంటుందా?"

కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే బాగుండేది. 2019 నవంబరులో పోయాడు. స్టేజీ విన్న రోజు నుంచి ఇరవై నెలలు.

అందుకే ఫోను చేసిన ఆ సోదరికి చెప్పినది మీ అందరికీ చెబుతున్నాను. స్టేజీ విన్న రోజు ఏ సంతకమూ పెట్టకండి. మళ్లీ ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లి ఈ ఆరు ప్రశ్నలూ రాసుకుని అడగండి. టి, ఎన్, ఎం విడివిడిగా ఎంతెంత? స్కాను చూసి వేసిన అంచనానా, ఆపరేషను తర్వాత వేసిందా? ఏ కూర్పు ప్రకారం? కణాల రకం ఏది? ఈ స్టేజీని బట్టి ఏ వైద్యం కుదురుతుంది, ఏది కుదరదు, ఎందుకని? వైద్యం పనిచేస్తోందని ఎప్పుడు, ఎలా తెలుస్తుంది? స్టేజీ ఉన్నది ఆ అయిదో ప్రశ్న కోసం. దాన్ని బట్టి వైద్యం నిర్ణయిస్తారు. బంధువులకు ఫోను చేసేటప్పుడు అంకె చెప్పకండి, వైద్యం ఏమిటో చెప్పండి. అంకె దారిలో అర్థం మార్చుకుంటుంది.

ఇంకొక మాట. మన ప్రాంతం నుంచి వయసులో ఫ్యాక్టరీలకు, రేవులకు, లారీ షెడ్లకు పోయినవాళ్లు ఇంటింటా ఉన్నారు. ఆయాసమని డాక్టరు దగ్గరికి పోతే, ఆయన అడగకపోయినా మీరే చెప్పండి, ఎక్కడ, ఏ ఏళ్లలో, ఏ పని చేశారో. పాత హాజరు చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు, ప్రావిడెంటు ఫండు చీటీ ఏదున్నా పారేయకండి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలి. జబ్బు అన్నాళ్లకు బయటపడుతుందని కోర్టుకు తెలుసు కాబట్టే ఆ గడువు. మా మామ కాంట్రాక్టరు కింద కూలి. అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మా దగ్గర ఒక్క చీటీ కూడా లేదు. పరిహారం అడగడానికి చేతిలో ఏమీ లేకపోయింది.

ఇంటి మీద సిమెంటు రేకులున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. చెక్కుచెదరకుండా ఉన్న రేకు కన్నా, కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ము ప్రమాదం. మిషనుతో పొడిగా కోయించకండి. తడిపి, విరగకుండా దించమనండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. మన దేశంలో గనుల తవ్వకం ఆగినా, దిగుమతి చేసుకున్న రాతినారతో రేకులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

మిగిలిన ఎకరంన్నర తోటను ఇప్పుడు బావమరిది చూసుకుంటున్నాడు. కాపు దినాల్లో ఒక బుట్ట కాయలు నాకు పంపిస్తాడు. తీసుకుంటాను గాని, తినేటప్పుడు మామ అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. దానికి జవాబు ఆ రోజు చెప్పలేకపోయాను. ఈ నాలుగు పేజీలూ అదే.

వచ్చే సంచికలో వీలునామా రాయడం గురించి. అది మాత్రం ఏ స్టేజీ రాకముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయాల్సిన కాగితం. సెలవు.